బతికున్న తల్లికి తర్పణం

నా తమ్ముడు ఏటేటా మహాలయ అమావాస్య నాడు పెనుగంచిప్రోలు వెళ్ళి, మున్నేట్లో మోకాలి లోతున నిలబడి, వాళ్ళమ్మకి నీళ్ళు వదిలేవాడు. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. ఆమె చనిపోలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చనిపోయిందని వాడికి చెప్పినవాణ్ణీ నేనే.

పదేళ్ళకు పైగా మోశాను దీన్ని. నా భార్యకి ఇప్పటికీ తెలియదు. మా అమ్మ కూడా ఇది తెలియకుండానే వెళ్ళిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. నా పేరు రాయను. తమ్ముడి పేరు మార్చాను. కోటి అనుకోండి.

కోటి మా అమ్మ కడుపున పుట్టలేదు. మాది జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. మా నాన్నకి నరసింహం అనే స్నేహితుడు ఉండేవాడు. లారీ మెకానిక్. కాంగో దేశం తూర్పు వైపు, అడవి మధ్యలో ఒక కలప మిల్లుకి పనికి వెళ్ళాడు. అక్కడి అమ్మాయితోనే కాపురం పెట్టాడు. కొన్నేళ్ళకి ఆ దేశంలో గొడవలు ముదిరాయి. తుపాకులు మిల్లు దాకా వచ్చిన రోజున ఐదేళ్ళ కొడుకుని చంకనేసుకుని మిల్లు లారీలో బయటపడ్డాడు. మా ఇంటి వెనక గదిలో దిగి, పిల్లాడి తల్లి చనిపోయిందని చెప్పాడు. రెండేళ్ళు తిరక్కుండా కామెర్లొచ్చి తనూ పోయాడు. మా అమ్మ పిల్లాణ్ణి ముందు గదిలోకి తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది. అప్పటినుంచి మేం అన్నదమ్ములం.

వాడికి ఉంగరాల జుట్టు. మా ఊళ్ళో ఎవరికీ లేనంత నలుపు. వచ్చిన కొత్తలో దాహమేస్తే "మాజీ, మాజీ" అని అడిగేవాడు. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. బళ్ళో వాడికి మాజీ సర్పంచ్ అని పేరు పెట్టారు. అలా పిలిచిన ఒకణ్ణి నేను పలకతో కొడితే నుదురు చిట్లింది. ఇది మీకెందుకు చెబుతున్నాను? వాడంటే నాకు ప్రాణమని మీరు నమ్మాలనా? నమ్మినా నమ్మకపోయినా అది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. ప్రేమ లేనివాడు చేసిన పని అయితే ఇంత బరువుండేది కాదు.

పెద్దయ్యాక నేను బోర్లు వేసే కంపెనీలో చేరి టాంజానియా వెళ్ళాను. మొదటి రోజు ఎండలో కూలీ ఒకతను ఖాళీ చెంబు నాకు చూపించి "మాజీ" అన్నాడు. మంచినీళ్ళు. తమ్ముడి నోట్లోంచి మేం నవ్వి నవ్వి ఊడగొట్టిన భాష అది. దాన్ని నేను నేర్చుకున్నాను. కొన్నేళ్ళకి తిరిగొచ్చి జగ్గయ్యపేటలో పైపుల షాపు పెట్టాను. కోటి అప్పటికే నందిగామలో మోటార్లు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. పద్మ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నాన్న పోయాడు. అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది.

పెద్దకొడుకుని నేనుండగా అమ్మ కోటి ఇంట్లో ఉండేది. మా ఇంటికి మెట్లున్నాయని ఒక సాకు చెప్పాను. మెట్లు నిజమే. సాకు కూడా నిజమే. పొద్దున్నే కోటి ఆమెను రెండు చేతులా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడు, పద్మ ఒళ్ళు తుడిచేది. నేను ఆదివారాలు పళ్ళు తీసుకుని వెళ్ళేవాణ్ణి.

ఒక ఆదివారం అమ్మ మా ఇద్దర్నీ మంచం దగ్గర కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పింది. నరసింహం చనిపోయే ముందు ఆమెకొక్కదానికే చెప్పాడట. పిల్లాడి తల్లి చావలేదు. గొడవలు వచ్చిన రోజున ఆమె పుట్టింటికి వెళ్ళి ఉంది. ఆగడానికి టైము లేక పిల్లాణ్ణి తీసుకుని పారిపోయాడు. పసివాడు బెంగ పెట్టుకుంటాడని అమ్మ ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుంది. "వాణ్ణి తీసుకెళ్ళరా. నీకు ఆ భాష వచ్చుగా" అంది నాతో. మర్నాడు కోటి తల్లి కోసం నందిగామ బజార్లో ఎర్రంచు ఆకుపచ్చ చీర ఒకటి కొన్నాడు.

వెళ్ళాం. టాంజానియాలో నాకు తెలిసినవాళ్ళ సాయంతో సరిహద్దు సరస్సు దాటి, లారీల మీద, తర్వాత మోటారుసైకిళ్ళ వెనక కూర్చుని, ఆఖరికి దారి చూపే మనిషితో కాలినడకన. ఆ అడవిలో మిట్టమధ్యాహ్నం కూడా మసకగానే ఉండేది. వాన ఆగిపోయాక కూడా చాలాసేపు ఆకుల మీంచి కారుతూనే ఉండేది. అరికాలు మోపితే బురద పట్టుకుని వదిలేది కాదు. ఊళ్ళల్లో ఉడకబెట్టిన కర్రపెండలం, పొగబెట్టిన చేప పెట్టేవాళ్ళు. నేను ఆ వాసనకే పక్కకి జరిగేవాణ్ణి. కోటి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, ఇది నాకు తెలుసు అన్నయ్యా అన్నాడు.

ఎక్కడికి వెళ్ళినా అందరూ వాడితోనే మాట్లాడేవాళ్ళు. వాడికి ఒక్క ముక్క రాదు. సిగ్గుపడుతూ నవ్వేవాడు. నన్ను వేలితో చూపించి, ఈ ముహిందీ ఎవరని వాణ్ణి అడిగేవాళ్ళు. ముహిందీ అంటే ఇండియా మనిషి. చిల్లకల్లులో జీవితమంతా వాణ్ణి నువ్వెవరివని అడిగారు. అక్కడ నన్ను అడిగారు. రోజు రోజుకీ వాడి నడక మారిపోతోంది. భుజాలు విచ్చుకుంటున్నాయి. నేను వెనక నడుస్తూ చూస్తున్నాను. సంతోషించానా? లేదు. నాకు భయమేసింది.

మిల్లు దొరికింది. తుప్పు పట్టిన రేకుల షెడ్డు, దాన్ని చీల్చుకుని పెరిగిన చెట్లు. పక్కన వెడల్పాటి మట్టిరంగు ఏరు. ఒడ్డున ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. మిల్లులో ఇండియా మెకానిక్‌తో కాపురం చేసినామె గురించి అడిగాను. ఆయన వల పక్కన పెట్టి కోటి ముఖంలోకి చూశాడు. ఫురాహా ముఖం, అన్నాడు. ఆమె పేరు ఫురాహా.

బతికే ఉంది. ఏటి దిగువన, పడవలో ఒక పూట ప్రయాణం. సంత రోజున చేపలు తీసుకుని ఇక్కడికి వస్తుంది. కొత్తవాళ్ళెవరు కనపడినా కొడుకు గురించి అడుగుతుంది. అందరూ ఊరుకోమంటారు, ఆమె ఊరుకోదు. ఆయన చెబుతూ ఉంటే ప్రతి మాటా నాకు అర్థమైంది. కోటి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమంటన్నాడు అన్నయ్యా?"

నేను ఏటి వైపు చూశాను.

"లేదంట్రా. పోయిందంట."

"ఎప్పుడంట?"

"చాలా ఏళ్ళయిందంట. ఆ గొడవల్లోనే."

వాడు అక్కడే బురదలో కూలబడ్డాడు. తలెత్తకుండానే, "ఎక్కడ పెట్టారో అడుగు అన్నయ్యా" అన్నాడు.

నేను ముసలాయన్ని సాయంత్రం వాన వస్తుందా అని అడిగాను. ఆయన ఏటి వైపు చెయ్యి చాపి, వస్తే అటునుంచే వస్తుందన్నాడు. ఆ చేతిని చూపిస్తూ నేను తమ్ముడితో, ఆ చోటు ఏరు కోసుకుపోయిందంట అన్నాను.

కోటి సంచిలోంచి చీర తీశాడు. మడత విప్పకుండా పసుపూ కుంకుమా పెట్టి నీళ్ళలో వదిలాడు. చీర కాసేపు ఒడ్డునే తచ్చాడి, తర్వాత ప్రవాహం అందుకుని దిగువకి కొట్టుకుపోయింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ముసలాయన కంగారుపడి, ఎందుకేడుస్తున్నాడు, నేను చెప్పింది నువ్వు చెప్పలేదా అని నన్ను అడిగాడు. చెప్పాను, సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడు, రేపు పడవలో ఆమె దగ్గరికి వెళ్తాం అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అప్పుడే దిగువకి బయల్దేరుతున్న పడవవాణ్ణి కేకేసి, ఫురాహాకి చెప్పు, కొడుకొచ్చాడని చెప్పు అన్నాడు. పడవవాడు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారగానే మేం వెనక్కి బయల్దేరాం.

కోటికి చేసింది ఒక ఎత్తు. ఆ పడవ ఇంకో ఎత్తు. ఆ సాయంత్రం ఆమెకి కబురు అంది ఉంటుంది. ఆమె వచ్చి ఉంటుంది. నేను ఈ రెండు వాక్యాల దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను.

ఎందుకు చేశాను? చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. తమ్ముణ్ణి పోగొట్టుకోలేక చేశానని. వినడానికి బాగుంటుంది. కానీ ముసలాయన బతికే ఉందన్న క్షణంలో నా బుర్రలో మెదిలింది తమ్ముడు కాదు. అమ్మ మంచం. వీడు ఇక్కడే ఉండిపోతే ఆమెని పొద్దున్నే ఎవరు ఎత్తుతారు? ఎవరు ఒళ్ళు తుడుస్తారు? నేనా? మెట్లెక్కించి మా ఇంటికి తెచ్చుకోవాలా? నా భార్య ఏమంటుంది? ఇదీ నేను ఆలోచించింది. వాడు కన్నతల్లిని కళ్ళారా చూసుకుని నాతో తిరిగొచ్చేవాడేమో, పెళ్ళాన్ని వదిలేసి ఉండిపోయే మనిషి కాడని నాకు తెలియదా? తెలుసు. ఆ మాట అప్పుడు గుర్తుకు రాలేదు. రానివ్వలేదేమో.

ఊరంతా నన్ను మెచ్చుకుంది. సొంత తమ్ముడికి కూడా ఇంత చేయరన్నారు. అమ్మ నా చెయ్యి తన కుడిచేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను లాక్కోలేదు. కోటి ఆమెని అంతకు ముందు కంటే అపురూపంగా చూసుకున్నాడు. ఇంక నాకున్నది ఈమె ఒక్కతే కదా అనేవాడు.

పోయినేడు అమ్మ చనిపోయింది. తలకొరివి నేను పెట్టాను. కోటి కూడా నాతోపాటు గుండు చేయించుకున్నాడు. ఆ ఏడు మున్నేట్లో ఇద్దరు తల్లుల కోసం నిలబడ్డాడు. ఎప్పటిలాగే బ్రాహ్మణుడు వాణ్ణి కన్నతల్లి పేరు అడిగాడు. ఎప్పటిలాగే కోటి, పేరు తెలీదండి, అమ్మ అనండి చాలు అన్నాడు. పేరు నాకు తెలుసు. తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు టీ తాగడానికి ఆగాం. నువ్వు తీసుకెళ్ళబట్టి ఆ నేలన్నా చూశా, లేకపోతే ఉందో లేదో తెలీక జీవితాంతం కొట్టుకునేవాణ్ణి అన్నాడు వాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ నా పిరికితనానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఆ మంచమే లేదు. ఇంకా ఎందుకు దాస్తున్నాను?

కొద్ది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నందిగామ వెళ్ళాను. షాపులో వాడొక్కడే విప్పిన మోటారు ముందు కూర్చుని రాగి తీగ చుడుతున్నాడు. నేను నిలబడే అంతా చెప్పేశాను. చేపలూ, సంతా, పడవా, అమ్మ మంచం, అన్నీ. తీగ చుట్టే చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూడలేదు.

"ఎగువకా, దిగువకా?" అన్నాడు.

"దిగువకి. పడవలో ఒక పూట."

"పేరు?"

చెప్పాను. పెదాలు మాత్రమే కదిపి ఆ పేరు ఒకసారి అనుకున్నాడు. రెండోసారి పైకి అన్నాడు. పలకడం సరిగ్గా రాలేదు. నేను సరిచేయబోయి ఆగాను.

"నువ్వెళ్ళు" అన్నాడు. చివర్న అన్నయ్యా అనలేదు.

తర్వాతి సంగతులు పద్మ ఫోన్లో చెప్పినవే. ఏం జరిగింది బావగారూ మీ ఇద్దరికీ అని అడిగింది. వాడే చెప్పాలమ్మా అన్నాను. పాస్‌పోర్టు మళ్ళీ చేయించుకుంటున్నాడట. షాపులో ఫోన్ పెట్టుకుని ఆ భాష మాటలు వింటూ తిరిగి పలుకుతున్నాడట. భాష రాకుండా ఆ అడవిలో ఎలా తిరుగుతావు, బావగార్ని తీసుకెళ్ళమని ఆమె బతిమాలితే, వద్దు, ఈసారి నేనే అడుగుతా అన్నాడట.

నిన్న బయల్దేరాడు. నందిగామ నుంచి హైదరాబాద్ బస్సు చిల్లకల్లు మీదుగానే పోతుందని నేను హైవే పక్కన వెళ్ళి నిలబడ్డాను. చాలా బస్సులు పోయాయి. ఏ బస్సులో ఉన్నాడో తెలియదు. నన్ను చూశాడో లేదో కూడా తెలియదు. ఫురాహా ఇప్పటికీ ఉందో లేదో తెలియదు. ఆమె లేకపోతే, ఈసారి ఆ మాట వాడికి పరాయివాళ్ళు చెబుతారు. వాడి పక్కన ఎవరూ ఉండరు.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. కాసేపట్లో నా భార్య అన్నానికి పిలుస్తుంది. ఈ కాగితాలు ముందు ఆమెకిస్తాను. చదివాక ఆమె ఏమన్నా సరే. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను దేన్నీ దాచుకోకుండా అన్నం ముందు కూర్చుంటాను.