కోతపండుగ నాటి పాట

తాడేపల్లిగూడెంలో మేముండే వీధి చివర రైస్ మిల్లు ఉంది. ఎండ పడ్డ మధ్యాహ్నాల్లో అక్కడి నుంచి వెచ్చటి తౌడు వాసన వస్తే మా ఇంట్లోవాళ్ళు కిటికీలు వేసేస్తారు, నేను వెళ్ళి తెరుస్తాను. ఆ వాసనలో నాకు కొల్లేటి చేపల చెరువు గట్టు, గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డు నిండా చేపల మేతకు తెచ్చిన తౌడు బస్తాలు, వాటి మధ్య చెమటలు కక్కుతూ రాక్ సంగీతం వాయించే ముగ్గురు పిల్లలు కనిపిస్తారు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళోకి వస్తున్న రోజులు. గిటారు మా పెదనాన్నగారబ్బాయి జోసెఫ్ అన్నయ్యది. డ్రమ్ములు పక్కింటి రైతుగారబ్బాయి శ్రీనువి. రెండు అసలువి, మిగతావి చెరువు మందులొచ్చే నీలం పీపాలు. పాడేది మా చర్చిలో పాటలు ఎత్తే కరుణక్క. ముగ్గురికీ పదిహేడు దాటలేదు. చలికాలం కొల్లేటికి వచ్చి వాలే పెద్దముక్కు పక్షుల పేరు పెట్టుకుని, పెద్ద పీపా మీద సున్నంతో 'పెలికాన్స్' అని రాసుకున్నారు. ఆ పక్షుల తెలుగు పేరుతో "గూడబాతులొచ్చాయిరోయ్" అని ఊరంతా ఆటపట్టించేది. బడి లేని రోజు నేను బస్తాల మీదెక్కి కూర్చునేదాన్ని. జనరేటరు భడభడ మోగుతుంటే ఆ మోతను కోసుకుంటూ గిటారు లేచేది, నా కింద బస్తా అదిరేది, లంగా నిండా తౌడు పట్టేది, ఇంటికెళ్ళాక అమ్మ చేత చీవాట్లు తినేదాన్ని. వాళ్ళు గొప్పగా వాయించేవారు. చిన్నదాన్ని కదా, అలా అనిపించిందేమో అని చాలాసార్లు నన్ను నేనే అడిగి చూసుకున్నాను. కాదు, గొప్పగానే వాయించేవారు.

ఆ ఏడాది కోతపండుగకు వచ్చి వింటానని ఏలూరులో ఆర్కెస్ట్రా నడిపే పెద్దమనిషి ఒకాయన కబురు పెట్టారు. నచ్చితే ముగ్గురినీ తన బృందంలోకి తీసుకుంటారట. పెదనాన్నకు ఈ వాయింపులు గిట్టవు. "ఆయన తీసుకెళ్తానంటే ఎళ్ళు. లేదంటే మటుకు ఆ గిటారుని అటకెక్కించి చెరువు మీదకి రా. రెండు పడవల మీద కాళ్ళు పెడితే కుదరదు" అన్నారు అన్నయ్యతో.

కోతపండుగంటే మాకు క్రిస్మస్ కంటే సందడి. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, తడిగోనెలో ఇంకా కొట్టుకుంటున్న చేపలు, అన్నీ తెచ్చి దేవుడి పేరున చర్చి ముందు పెట్టేవారు, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. తమ కోడిని తామే పాడుకుని చంకలో పెట్టుకుపోయే వాళ్ళను చూసి అందరూ నవ్వేవారు. పక్కన గాడిపొయ్యి మీద చేపల పులుసు కుతకుతమనేది. ఆ రోజు వేలం అయ్యాక, పులుసు దిగేలోపు, షామియానా ముందు కోసిన చేలో పెలికాన్స్ నిలబడ్డారు.

అన్నయ్య సొంతంగా కట్టిన పాట అది. పంట చేతికొచ్చిన రైతు సాయంత్రం గట్టు మీద కూర్చుని దేవుడితో మాట్లాడుకునే పాట. మొదట కరుణక్క గొంతు ఒక్కటే, మెల్లగా. రెండో చరణంలో శ్రీను పీపాల మీద విరుచుకుపడ్డాడు, గిటారు కేక పెట్టింది, దూరంగా నీళ్ళ మీది పక్షులు గుంపుగా లేచాయి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. చప్పట్లు కొట్టబోతే మామ్మ నా రెండు చేతులూ పట్టుకుని నా ఒళ్ళో పెట్టేసింది. మా సంఘంలో పాటకు చప్పట్లు లేవు, అవి నాటకాలకని పెద్దలు ఏనాడో అనుకున్నారు. పాట మనసుకు తగిలితే కళ్ళు మూసుకుని తల వంచుకుంటారు. ఎంత బాగా తగిలితే అంత నిశ్శబ్దం. ఆ రోజు పాట ఆగాక షామియానా కింద ఒక్క తల పైకి లేవలేదు. మామ్మ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

స్కూటరుకు ఆనుకుని నిలబడ్డ ఏలూరు పెద్దమనిషి జనాన్ని అటూ ఇటూ చూశారు. "వాయించడం వచ్చండీ, కాదన్ను. కానీ మీ ఊరోళ్ళే ఇలా తలొంచుకు కూర్చుంటే బయటోళ్ళేం ఊగుతారండీ? మా పని జనంతోనండీ" అన్నారు పెదనాన్నతో. ఆ తలలు ఎందుకు వంగాయో పెదనాన్నకు తెలుసు, ఆ పాటకు ఆయన తలా వంగింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ మా వైపు మర్యాద ఒకటుంది కదా, ఇంటికొచ్చిన మనిషి మాటకు ఎదురు చెప్పం. "అలాగేనండీ, భోంచేసి ఎళ్ళండి" అన్నారు. ఆయన పులుసు రెండోసారి వేయించుకుని, బాగుందని మెచ్చుకుని మరీ వెళ్ళారు. ఆ మర్యాదను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"ఒరే నాయనా, నా గుండె నీరైపోయిందిరా" అని మామ్మ అన్నయ్యకు చెప్పేసరికి స్కూటరు గుండుగొలను దాటి హైవే ఎక్కి ఉంటుంది. గిటారు అటకెక్కింది. తర్వాత ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించినప్పుడు మా చెరువు, షెడ్డు, బస్తాలు అన్నీ పోయాయి. శ్రీను, కరుణక్క తలోదారి పట్టారు. అన్నయ్య పెదవేగి పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి కుదిరాడు. గిటారు ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

మొన్న కోతపండుగకు వెళ్ళాను. కోళ్ళు లేవు, వేలం లేదు, కవర్లలో కానుకలు వేస్తున్నారు. పులుసు లేదు, క్యాటరింగ్ వాళ్ళ బిర్యానీ. మీట నొక్కితే డ్రమ్ములు కూడా అదే వాయించే కీబోర్డు ముందు ఎవరో కూర్చుని తప్పుల తడకగా ఒక పాట కానిచ్చారు. "గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నారు కొత్త పాస్టరుగారు. అందరూ కొట్టారు, నేనూ కొట్టాను. ఇప్పుడు మా చర్చిలో ప్రతి పాటకూ చప్పట్లే.

నా పక్కన అన్నయ్య, గెలల ముళ్ళు గీరుకుపోయిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ జనాన్నే చూస్తున్నాడు.

"ఇప్పుడందరూ కొడుతున్నారే, బుజ్జీ" అన్నాడు, మెల్లగా.

నేను చేతులు దించి ఒళ్ళో పెట్టుకున్నాను.