టీ పెట్టెలో కుందేలు పిల్లలు

మా వీధి చివర పెంపుడు జంతువుల దుకాణం ఒకటి పెట్టారు. దాని ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఆ కాస్త దూరమూ ఊపిరి బిగబట్టి నడుస్తాను. కుక్కలంటే భయమనుకుంటారు మా ఇంట్లోవాళ్ళు. అనుకోనీ. ఎండుగడ్డీ, వెచ్చటి బొచ్చూ, పుల్లబడ్డ పాలూ కలిసిన వాసన ఒకటి ఆ తలుపు సందులోంచి వస్తుంది. అది ముక్కుకి తగిలితే చాలు, గుంటూరు బజారూ ఆటోల మోతా ఎటు పోతాయో పోతాయి, నేను మళ్ళీ పరుచూరు వైపు మా ఊళ్ళో, ఆ చలికాలపు ఇంట్లో, గడప దగ్గర గౌను అంచు నోట్లో పెట్టుకుని నిలబడ్డ పిల్లనైపోతాను.

ఎనభైల్లో మా వైపు చలికాలం వచ్చిందంటే ఇల్లు మనది కాదు, పత్తిది. చేలో పత్తి తీతలు మొదలైన దగ్గర్నుంచీ మంచాలూ పెట్టెలూ వసారాలోకి వెళ్ళిపోయేవి, ముందు గది నిండా నడుం ఎత్తు దాటి పత్తి కుప్ప లేచేది. పొద్దున్నే పొగమంచు, వాకిట్లో చల్లిన పేడనీళ్ళ వాసన, ధనుర్మాసం గుడి నుంచి ఆకులో వచ్చే మిరియాల పొంగలి, పెరట్లో కొత్తగా ఆరబోసిన మిరపకాయల ఘాటు, వీటన్నిటి మీదా పత్తి నూగు, పప్పులో నూగు, జడలో నూగు, దేవుడి పటం మీద నూగు. పిల్లలం కుప్ప మీదికి దూకి మెడ దాకా మునిగేవాళ్ళం. పగలు అంత సరదాగా ఉండే ఆ కుప్ప పొద్దు వాలే వేళకి మాత్రం నాకు నచ్చేది కాదు. ఎవరూ తాకకుండానే లోపలెక్కడో సర్దుకునేది, చిన్నగా చప్పుడు చేసేది, ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు. పత్తి అణుగుతోందే పిచ్చిదానా, అనేవాడు బాబాయి. అణిగితే అణగనీ, దానికి వీపు పెట్టి మాత్రం నేను అన్నం తినేదాన్ని కాదు.

ఆ ఏడు మా అక్క పురిటికి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు, ఏడవలేదు. పేగు మెడకి చుట్టుకుని పుట్టాడని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటుంటే విన్నాను. అక్కకి చూపించకుండానే బాబుని తీసుకెళ్ళి పూడ్చేశారు. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పకూడదట, చెబితే తల్లి ప్రాణం అక్కడే తిరుగుతుందట. కడుపుతో ఉన్నవాళ్ళు పశువుల్ని కట్టే పలుపుతాడు దాటితే బిడ్డ మెడకి పేగు పడుతుందని మా వాళ్ళకి గట్టి నమ్మకం. అక్క గేదె పలుపు దాటడం మా నాయనమ్మ చూసిందట. "చిలక్కి చెప్పినట్టు చెప్పా, దాటమాకే అని" అంటూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా వాపోయేది. ఆవిడ చెడ్డది కాదు, నోరు ఆగదు అంతే. ఆ మాట అత్తవారింటి దాకా వెళ్ళింది, వాళ్ళు అక్కని తీసుకెళ్ళడానికి రాలేదు. అక్క కూడా నమ్మేసింది. జడ వేయమని దగ్గరికి వెళ్తే నన్ను దూరంగా తోసేసేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి తనవి కానట్టు వాటినే చూస్తూ కూర్చునేది.

ఇంట్లో కాస్త సందడి ఉంటుందని బాబాయి చీరాల నుంచి కుందేళ్ళ జత తెచ్చాడు. ఒళ్ళంతా తెలుపు, కళ్ళు మాత్రం పండుమిరపకాయ రంగు. కొన్నాళ్ళకి ఆడది గడ్డి నోట కరుచుకుని మూలమూలకీ తిరగడం మొదలెట్టింది. ఈనేటట్టుందని బాబాయి కిరాణా కొట్టు నుంచి టీపొడి వచ్చే చెక్కపెట్టె తెచ్చాడు. ఒక పక్క పలక కోసి, పిల్లలు బయటికి దొర్లిపోకుండా అడుగున గడపలాగా కొంచెం వదిలి, ముందు గదిలో కుప్ప పక్కనే పెట్టి, లోపల ఎండుగరిక పరిచాడు. నాయనమ్మకి అది చాల్లేదు. "ఇంత చలిలో పసిగుడ్లు గడ్డి మీదేందిరా, ఇల్లంతా పత్తి పెట్టుకుని" అని, దీపం ఒత్తుల కోసం గింజ తీసి ఏకి దాచుకున్న పత్తి కొంగు నిండా తెచ్చి, తనే మెత్తగా సర్దింది. పత్తి పండించే ఇంట్లో అంతకన్నా గొప్ప పరుపు ఎవరికి తోస్తుంది? అందరం మెచ్చుకున్నాం.

ఒక పొద్దున చూస్తే పెట్టె నిండా బొచ్చు. తల్లి తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కుని కప్పింది. ఆ బొచ్చు దానంతటదే పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. కింద ఏమీ కనపడదు, పైపొర ఒక్కటే ఊపిరి తీస్తోంది. బాబాయి వేలితో తప్పిస్తే గులాబీ రంగులో, కళ్ళు మూసుకుని, వేలెడంత పిల్లలు ఒకదాని మీద ఒకటి. అక్క గడప అవతల నుంచే మెడ చాచి చూసింది. బాబు పోయాక తను దేన్నైనా అలా చూడటం అదే మొదలు, నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

కానీ తల్లి కుందేలు పిల్లల దగ్గరికి పోవడం మాలో ఎవ్వరమూ చూడలేదు. పగలంతా ఓ మూల కూర్చుని ఎర్రకళ్ళతో మమ్మల్నే చూసేది, పెట్టె వైపు తలైనా తిప్పేది కాదు. అయినా పొద్దున్నే తీసి చూస్తే పిల్లల పొట్టలు బిగుతుగా ఉండేవి, పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనపడేవి. రోజుకొక్కసారి, ఎవరి కంటా పడకుండా పాలిచ్చి వచ్చేస్తుందని చీరాలవాళ్ళు చెప్పారన్నాడు బాబాయి. నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో పాలున్న తల్లి ఇంకొకతే ఉంది. నాయనమ్మ అక్క తడిసిన రవిక వైపు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

తర్వాత ఒక పిల్ల చచ్చిపోయింది. బయటికి తీస్తే దాని మెడ చుట్టూ సన్నటి తెల్లటి దారం, ఎవరో కూర్చుని ముడి వేసినంత బిగువుగా. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరుసటి పొద్దున ఇంకొకటి, అలాగే. అందరి కళ్ళూ అక్క మీదికే పోయాయి. నాయనమ్మ ఎండుమిరపకాయలతో పెట్టెకి దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. పక్కింటివాళ్ళు కూడా దగ్గాల్సింది, మాలో ఒక్కరికీ తుమ్మైనా రాలేదు. "నువ్వా గదిలోకి పోమాకమ్మా" అంది నాయనమ్మ. అక్క "పోనులే" అంది. అంత తేలిగ్గా ఒప్పేసుకుందని నాకు ఒళ్ళు మండింది.

ఆ మర్నాడు అందరూ పత్తి తీతకి పోయారు. ఇంట్లో అక్కా నేనే. మిట్టమధ్యాహ్నం, ముందు గదిలో కుప్ప సర్దుకున్న చప్పుడైంది. తొంగి చూస్తే పెట్టెలో బొచ్చు ఒక పక్క అదేపనిగా ఎగిరెగిరి పడుతోంది. తప్పించాను. ఒక పిల్ల మెడకి దారం పడింది. దాని కొసని మిగతా పిల్లల కింద నుంచి ఎవరో లాగుతున్నట్టు అది అంతకంతకీ బిగుసుకుంటోంది.

"అక్కా, తొరగా రా! ఇది సచ్చిపోద్ది!"

అక్క గడప దగ్గరికొచ్చి ఆగిపోయింది. "నేను రాకూడదే. నా చెయ్యి తగిల్తే ఉన్న ప్రాణం కూడా పోద్ది."

"నువ్వు రాకపోయినా పోతందిగా!" అని అరిచాను.

అక్క నా వైపు ఒక్కసారి చూసి గడప దాటింది. పిల్లని అరచేతిలోకి తీసుకుని, గోటికి అందకపోతే పంటితో ఆ దారం కొరికింది. పిల్ల నోరు తెరిచింది, మళ్ళీ తెరిచింది, డొక్కలు ఆడాయి. అక్క దారం కొస పట్టుకుని లాగింది. వచ్చింది, వస్తూనే ఉంది, చివరికి పెట్టె అడుగున నాయనమ్మ సర్దిన ఒత్తుల పత్తిలోకి వెళ్ళి ఆగింది. పిల్లలు అందులో పాకులాడీ పాకులాడీ, నాయనమ్మ అరచేతుల మధ్య ఒత్తి చేసినట్టే, పత్తిని దారంగా పేనేశాయి. ఆ దారమే మెడలకి పడింది.

"పత్తే" అంది అక్క. "ఒట్టి పత్తేనే" అని మళ్ళీ మళ్ళీ అంటూ నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. అంతవరకూ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక్కటే ఒక ఎత్తు. ఆనక కళ్ళు తుడుచుకుని, పెట్టెలో పత్తి పోగన్నది లేకుండా ఏరి పారేసింది. కొత్త గరిక ఎండలో వెచ్చబెట్టి పరిచి, తల్లి బొచ్చు దులిపి కప్పి, ఒక్కొక్క పిల్లకీ మెడా కాళ్ళూ వెతికి చూసి పడుకోబెట్టింది.

పొద్దు వాలుతుండగా నాయనమ్మ పత్తి మూటతో వచ్చింది. అక్క ఎదురెళ్ళి, బతికిన పిల్లనీ ఆ దారాన్నీ ఆవిడ చేతుల్లో పెట్టింది.

"కుందేలు ఏ పలుపు దాటింది నాయనమ్మా?"

నాయనమ్మ దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఒత్తులు చేసీ చేసీ అరిగిపోయిన వేళ్ళు, వాటికి తెలిసిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. తెల్లవారి మంచు ఇంకా విడవకముందే వచ్చి అక్క చెయ్యి పట్టుకుని "పద" అంది. నేనూ వెంటపడ్డాను. ఆ మంచులో పత్తి చెట్లు కనపడవు, పగిలిన కాయల తెలుపు మాత్రం గాల్లో నిలబడి ఉంటుంది. గట్టు మీద తుమ్మచెట్టు దాటాక నాయనమ్మ వంగి నేల మీద చెయ్యి ఆనించింది. "ఇక్కడమ్మా" అంది. అక్క అక్కడే కూలబడిపోయింది. దూరం నుంచి చూస్తున్న నాకు, మంచులో వాళ్ళిద్దరే కాక మధ్యలో ఇంకెవరో కూడా ఉన్నట్టే అనిపించింది. ఎందుకో భయం వేయలేదు.

మిగిలిన పిల్లలన్నీ బతికాయి, కళ్ళు తెరిచాయి, పెట్టె గడప దూకాయి, పత్తి అమ్మేశాక ఖాళీ అయిన గదంతా పరుగులు పెట్టాయి. అక్క ఎవరూ పిలవకుండానే, తలెత్తుకుని అత్తవారింటికి వెళ్ళింది. ఆ తర్వాత ఇద్దర్ని కన్నది.

ఇప్పుడు మా వైపు ఎవరింట్లోనూ పత్తి కుప్ప ఉండదు, చేలోంచే లారీ ఎక్కుతుంది. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి, ఒత్తులు ప్యాకెట్లలో వస్తాయి. మా ఇల్లు పడగొట్టారు. ఆ చేలో ప్లాట్లు వేసి, గట్టు చదును చేసి, తారు రోడ్డు పోశారు. తుమ్మచెట్టు ఆనవాలైనా లేదు. ఈమధ్య ఊళ్ళో పెళ్ళికి కారులో ఆ రోడ్డు మీదుగానే వెళ్ళాం. అక్క తన కోడలితో చీరల గురించి గలగలా మాట్లాడుతోంది. ఒకచోటికి వచ్చేసరికి మాట ఆపి, "కాస్త మెల్లగా పోనీ నాయనా" అంది.

డ్రైవరు బండి నెమ్మది చేసి, గతుకేమన్నా ఉందేమోనని ముందుకి వంగి చూశాడు. రోడ్డు అద్దంలా ఉంది.