నాయిన పెట్టిన పాయింటు

చనిపోయిన రోజు పొద్దున నాయిన కొబ్బరికాయ కొట్టాడు. పచ్చడికి. అమ్మ చేతిలోని కాయ తీసుకుని, చెవి దగ్గర ఊపి, "దీంట్ల ఉన్నయే నీళ్లు. దీనికైతే నాది గ్యారంటీ" అన్నాడు. అమ్మ నవ్వలేదు. రోటి అంచుకేసి కొట్టి, నీళ్లు గ్లాసులోకి వంచి నాకిచ్చాడు. మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఒకప్పుడు మా ఇంట్లో కొబ్బరికాయ పచ్చడి సరుకు కాదు. మా నాయిన సారంగపాణి కారేపల్లి చుట్టుపక్కల రైతులకు బోరు పాయింట్లు పెట్టేవాడు. పిలక ఉన్న కాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడిచేవాడు. నీళ్లున్న చోట కాయ దానంతటదే నిలువుగా లేచేది. అక్కడ పసుపు రాసిన రాయి పాతేవాడు. నీళ్లు పడితే అది నాయిన చెయ్యి. పడకపోతే రైతు నసీబు. ఈ లెక్కలో నాయిన ఓడిపోయేది ఎక్కడ? పైగా డబ్బు ముట్టేవాడు కాదు. అందుకే ఆయన్ని అనుమానించడానికి ఎవరికీ నోరు రాలేదు, ఆయనతో సహా.

అనుమానం కంటి ఆపరేషన్‌తో వచ్చింది. ఖమ్మంలో ఒక కంటికి పొర తీసి పచ్చ గుడ్డ కట్టి పంపారు. రెండో కన్ను అప్పటికే మసక. తోడు కోసం కూతుర్ని నేను వచ్చి ఉన్నాను. పనిలేక నాయిన పెరట్లో కాయ పట్టుకుని నడిచాడు. మా పాత బావి దగ్గర కాయ లేవడం అందరికీ తెలిసిందే. ఆ రోజు అక్కడ లేవలేదు. అవతల రాళ్లకుప్ప పక్కన లేచింది.

మర్నాడు అమ్మను పిలిచాడు.

"బతుకమ్మా, తువ్వాలతోని రెండు కండ్లూ కట్టు. నన్ను పట్టుకొని తిప్పు. యాడున్నమో చెప్పకు."

"ముసలోనికి దాగుడుమూతలు యాదికొచ్చినయా?"

కట్టింది, తిప్పింది. బావి పక్కగా ఎన్నిసార్లు తీసుకుపోయినా కాయ కదల్లేదు. గచ్చు మీద లేచింది. బర్రెల కొట్టంలో లేచింది. మొదట పగలబడి నవ్విన అమ్మ తర్వాత నవ్వడం మానేసింది. నాయిన తువ్వాల విప్పి, తన అరచేతిని పరాయివాడి చెయ్యిలా చూసుకున్నాడు.

"బావిని చూసి నేనే లేపుతున్ననే ఇన్నేండ్లు. నాకే తెల్వకుండ."

ఆపరేషన్‌కు ముందే పక్క తండాలో జైరాం అనే రైతు మిర్చి చేనులో నాయిన రాయి పాతి ఉన్నాడు. బోరు బండి రేపో మాపో వస్తుంది. కంటి కట్టుతోనే తండాకు బయలుదేరాడు. నేను చెయ్యి పట్టుకుని వెంట వెళ్లాను.

"ఆ రాయి పీకెయ్యి జైరాం. ఆడ నీళ్లున్నయో లేవో నాకు తెల్వదు."

"ఏంది పెద్దయ్యా పరాచికాలు! నీకు తెల్వకుంటే ఎవనికి తెలుస్తది?"

"ఎవనికీ తెల్వదేమో."

"పక్క చేనోడేమన్న కలిసిండా? నాకు పడితే వాని బోరు ఎండుతదనా?"

నాయిన తువ్వాల సంగతి మొత్తం చెప్పాడు. జైరాం విని తల ఊపాడు. "దేవుడిచ్చిన చేతికి పరీక్ష పెట్టినవు. అలిగింది, గంతే."

బోరు వేశారు. నీళ్లు ఉబికి వచ్చాయి. కంట్లో దుమ్ము పడకూడదని డాక్టర్ చెప్పినందుకు నాయిన చేనుకు వెళ్లలేదు. జైరామే డప్పుతో మా వాకిట్లోకి వచ్చి, కొత్త తువ్వాల కప్పి, కాళ్లు మొక్కాడు. "ఇప్పుడేమంటవు పెద్దయ్యా?"

నాయిన తువ్వాల తీసెయ్యలేదు. దాన్ని భుజాన వేసుకునే అన్నం తిన్నాడు. "పెరట్ల పనిచెయ్యకున్నా చేన్ల పనిచేస్తదేమోనే" అన్నాడు. అమ్మ మజ్జిగ పోసింది. నేను కూడా బావి మాట ఎత్తలేదు.

తర్వాతి వారం చిన్నక్క అనే ఆవిడ వచ్చింది. మా ఊరే, భర్త లేడు. ఉన్న రెండు బర్రెలనూ అమ్మి బోరుకు సిద్ధమైంది. "మామా, జైరాంకు పెట్టినట్టు నాకూ ఒక్కటి పెట్టు" అని నిలబడింది. నాయిన అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత కాయ తీసుకుని వెళ్లాడు. చిన్నక్క చేనులో కాయ చక్కగా లేచింది. రాయి పాతాడు.

బోరు వేసిన రోజు పొద్దుగూకేదాకా తెల్ల దుమ్మే లేచింది, నీటి చుక్క రాలేదు. ఈసారి నాయిన అక్కడే ఉన్నాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో చిన్నక్క గట్టు మీద కూర్చుంది.

"తిట్టు బిడ్డా" అన్నాడు నాయిన.

"నిన్నెందుకు తిడత మామా? నా నసీబు గట్లుంది."

ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తలేదనే చెప్పాలి. బస్సు కోసం చిన్నక్క ఇంటి ముందు నుంచి వెళ్లకుండా చెరుకు తోట చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఆమె మంది చేన్లలో కూలికి మిర్చి ఏరడానికి ఆటోలో పోతుంటే వాకిట్లోంచి లేచి లోపలికి వచ్చేవాడు. పాయింటు పెట్టమని వచ్చినవాళ్లకు అరచెయ్యి చూపించి, "ఇది అబద్ధమాడుతది" అనేవాడు. పెద్దాయనకు గర్వం పెరిగిందని వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. జైరాం చేను వైపు మాత్రం అడుగు పెట్టలేదు.

అయినా ఒక ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఉన్నట్టుండి అడిగేవాడు: "మరి జైరాంకెట్ల పడ్డయే?" ఆ నేలలో ఎక్కడ వేసినా పడేవేమో అనేదాన్ని. "ఏమో" అనేవాడు. ఆ ఒక్క బోరు ఆయన్ని పూర్తిగా నమ్మనివ్వలేదు, పూర్తిగా మాననివ్వలేదు. దాన్ని చూసుకునే కదా చిన్నక్క చేనుకు వెళ్లింది.

నాయిన దినాల నాడు జైరాం వచ్చి పాత బావి దగ్గర కూర్చున్నాడు. చివరిదాకా నీ బోరు గురించే అడిగేవాడని చెప్పాను.

"అది పెద్దయ్య పెట్టిన పాయింటు కాదమ్మా. బోరు బండి కాల్వ దాటి రాయి కాడికి రాలే. డ్రైవర్ బాట పక్కన్నే ఆపి, ఈడనే ఏస్తనన్నడు. పెద్దయ్య మాట పోవద్దని ఎవరికీ చెప్పలే."

"మరి ఆ రాయి?"

"ఆడనే ఉంది, మిర్చి సాళ్ల నడుమ. పీకలే."