మందు పోసే మనిషి ప్రాణం

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, కోదాడ నుంచి సూర్యాపేట వస్తున్న బస్సు మునగాల దాటుతుండగా, వెనుక సీట్లో ఎవరి ఫోన్‌లోనో నీళ్లు మరిగినట్టు గుడగుడ శబ్దం వచ్చింది. నాకు తెలియకుండానే ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. ఒక ఆటలో, ఒంట్లో విషం పనిచేసినప్పుడు వచ్చే శబ్దం అది. నాకు ఆ ఆట నేర్పిన రాహేలు పోయి ఏడాది దాటింది.

సూర్యాపేటలో మా గోడ పక్క ఇల్లే వాళ్లది. ఆమె మిర్యాలగూడ బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. నేను లెక్కలు చెప్పేదాన్ని. రోజూ పదకొండింటికి వాళ్ల వరండాలో కూర్చునేవాళ్లం. ట్యాబ్‌లో గళ్లు గీసిన మైదానం, మాకు ఆరుగురి దండు. మన వంతులో మనం కదలాలి, శత్రువు వంతులో వాడు. చచ్చినవాళ్లు మళ్లీ రారు. ఆ దండును రాహేలు ఎనిమిది నెలలు సాకింది.

"కత్తి దెబ్బ ఒక్కసారితోని ఖతం అక్కా," అని మొదట్లోనే చెప్పింది. "విషం గట్ల కాదు. మనిషి మంచిగనే నిలవడి ఉంటడు, నడుస్తడు, కొట్లాడుతడు. వంతు అయిపోంగనే ఐదు ప్రాణం తీస్తది. విరుగుడు పోసేదాంక ఇడ్వది."

"గాయానికి మందు పెడితే?"

"పెట్టు. నువ్వు పోస్తనే ఉంటవ్, అది తాగుతనే ఉంటది."

వంతెన దగ్గర యుద్ధం వచ్చిన రోజు, చేతులు వణుకుతున్నాయని ట్యాబ్ నాకిచ్చింది. విషపు బాణాలు నలుగురికి తగిలాయి: ముగ్గురు సైనికులకు, వైద్యురాలికి. విరుగుడు పోయగలిగేది ఆ వైద్యురాలే, అదీ వంతుకు ఒక్కరికి. సైనికుల ప్రాణాలు తొమ్మిది, పద్నాలుగు, పంతొమ్మిది. తక్కువ ఉన్నవాడితో మొదలుపెట్టి ముగ్గురికీ పోయించాను. ముగ్గురూ బతికారు. మూడో వంతు ముగిసింది. గుడగుడమంది. వైద్యురాలు మోకాళ్ల మీద కూలి, తెర మీద నుంచి మాయమైంది. ఆమెకు ఉన్నదీ పద్నాలుగే. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆమె అంకె వైపు చూడనేలేదు.

తర్వాతి బాణాలకు ఆ ముగ్గురికీ మళ్లీ విషం ఎక్కింది. సంచిలో సీసాలున్నాయి, పోసే మనిషి లేదు.

"గామెను మర్సినవా, అక్కా?"

"మర్వలే. పోసేది ఆమెనే గదా, ఆఖరికి పోసుకుంటదనుకున్న."

రాహేలు నవ్వబోయి ఆగింది. "మనం అన్నం తిన్నట్టు."

అప్పుడే లోపలి నుంచి ఆమె భర్త శాంసన్ పిలిచాడు. "రాహేలూ, ఒంటిగంట కొట్టింది. అన్నం పెడ్తవా?"

నాకు తెలిసి ఆమె ఏనాడూ మూడింటికి ముందు తినలేదు. సుగర్ మాత్ర వేసుకుని కూడా, ఇంట్లో అందరూ తిన్నాకే కూర్చునేది. ఆ రోజు ఒక్క కంచం తెచ్చుకుని, వడ్డించుకుని, వరండాలోకి వచ్చిన ఆయన ఎదుటే తినసాగింది.

"నాదేది?" అన్నాడాయన.

"గిన్నెల ఉన్నది. నేను తిన్నంక పెడ్త. ఆగలేకపోతే నువ్వే పెట్టుకో."

"పానం బాగలేదా ఏంది?"

"బాగలేకనే తింటున్న."

ఆయన ఆమె కంచం వైపు, వంటింటి వైపు మార్చి మార్చి చూశాడు. ఆమె ముద్ద కలుపుతుంటే చూడటానికి నాకూ భయమేసింది.

ఆ తర్వాత రాహేలు మూడేళ్లు బతికింది. అలా వేళకు తినడం ఇంకా ముందే మొదలుపెట్టి ఉంటే ఎన్నాళ్లుండేదో లెక్క వేయబోతాను. వేయడానికి నా దగ్గర అంకెలు లేవు. ఇప్పుడు మా ఇంట్లో మొదటి కంచం నాది, చుట్టాలున్నా సరే. చివ్వెంల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఒకసారి నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను తింటూనే ఉన్నాను.

వంతెన దగ్గర పోయినవాళ్లు నలుగురు: వైద్యురాలు, ఆమె లేక ముగ్గురు సైనికులు. ఐదు విరుగుడు సీసాల్లో రెండు మూత తీయకుండానే మిగిలాయి.