సగం మందు తూటా

కిందటేడాది నవంబరు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ దగ్గర మా ల్యాబ్‌లో, తూటా పేలినప్పుడు తుపాకి గొట్టం లోపల ఎంత ప్రెషర్ పుడుతుందో కొలుస్తాం. తుపాకిని ఎవరూ పట్టుకోరు. పరీక్షల కోసమే చేసిన దళసరి గొట్టాన్ని బిగించి గోడ అవతల నుంచి కాలుస్తాం. పదేళ్లుగా అదే పని కావడంతో నాకు అంతా తెలుసుననే పొగరు కాస్త ఉండేది.

ఆ రోజు డెబ్బై దాటిన వేటగాడు ఒకాయన వచ్చాడు. ఆయనది పెద్ద బోరు రైఫిల్, అంటే గొట్టం రంధ్రం వెడల్పుగా ఉండేది. లైసెన్స్ ఉంది కనుక తూటాల్లో పేలుడు మందు ఇంట్లో తానే నింపుకుంటాడు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. వేట పరీక్ష పాసైన కూతురు ఆదివారం ఆ రైఫిల్‌తోనే మొదటిసారి వేటకు వెళ్తుంది. రైఫిల్ వెనక్కి తన్ని ఆమె భుజానికి దెబ్బ తగలకూడదని, తానెప్పుడూ వాడే నిదానంగా కాలే మందునే సగానికి తగ్గించి నింపాడు.

"తక్కువే కదా వేశాను. పరవాలేదని ఒక కాగితం ఇచ్చేయండి," అన్నాడు జర్మన్‌లో.

నాకూ అలాగే తోచింది. ఐదు కాల్చాం. స్క్రీన్ మీద ప్రెషర్ చూపే గీత బుద్ధిగా కిందే ఉంది. రిపోర్ట్ టైపు చేయబోతుంటే, మా దగ్గర థీసిస్ చేస్తున్న కరీంనగర్ అమ్మాయి స్వప్న ఆపింది.

"అన్నా, వీళ్లు మంచె ఎక్కి కిందికి కాలుస్తరు గదా? మనం గొట్టం అడ్డంగ పెట్టినం. జర మూతి కిందికి వంచి చూద్దమా?"

"సగం మందుకు ఏమైతదమ్మా!" అంటూనే వంచాను.

సగం ఖాళీ తూటాలో మందు ముందుకు జారిపోయింది, నిప్పు పెట్టే ప్రైమర్ వెనకాలే ఉండిపోయింది. మీట నొక్కితే టిక్కుమంది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత గోడ అదిరింది. గీత నిండు తూటా గీతను దాటి, మామూలు రైఫిల్ గొట్టం తట్టుకునే హద్దును కూడా దాటి పోయింది. ఇలా ఎందుకవుతుందో నిపుణులు ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు.

పెద్దాయన స్క్రీన్ మీద ఆ గీతను వేలితో చూపించాడు. "ఆదివారం ఆ రైఫిల్‌కి ఆనించి మా అమ్మాయి చెంప ఉండేది," అన్నాడు. మిగిలిన తూటాలన్నీ మా దగ్గరే వదిలేసి వెళ్లాడు.

మందు పెంచడానికే కాదు, తగ్గించడానికీ హద్దుంటుంది. తక్కువ మోతాదుకు పనికొచ్చే మందులు వేరే ఉంటాయి. మందు తయారీదారు పరీక్షించి ఇచ్చిన లెక్క దాటి సొంత తెలివి వాడకూడదు. ఎక్కడి నుంచి కాలుస్తారని అడగకుండా నేనిప్పుడు ఏ రిపోర్టూ మొదలుపెట్టను.

వసంతంలో ఆయన ఆ లెక్క ప్రకారం నింపిన తూటాలతో మళ్లీ వచ్చాడు. ఎటు వంచినా గీత హద్దు దాటలేదు. వెంట వచ్చిన కూతురు నవ్వుతూ చెయ్యి కలిపింది. చెయ్యి కలుపుతూనే ఆమె కుడి చెంపకేసి చూశాను.