అంచుదాకా పోసిన టీ

నరిన్ లోయలో గర్భిణుల ఇళ్ళు తిరిగే నర్సు జుమాగుల్, బీపీ పట్టీని కోడిపిల్లలా కోటు లోపల దాచి వెచ్చబెడుతుంది. చల్లటి పట్టీ తగిలితే కడుపుతో ఉన్నవాళ్ళ బీపీ ఉలిక్కిపడుతుందట. ఆ వేళ కాలీపా ఇంట్లో ఐదో నెల కడుపుతో ఉన్న కోడలు బెగిమై టీ పోస్తోంది. మా వైపు అతిథికి గిన్నెలో సగమే పోయడం మర్యాద. నిండా పోస్తే ఇక దయచెయ్యమని అర్థం. అందుకే కోడలు గిన్నె గిన్నెకీ లేవాలి. నాలుగోసారి లేచి, తూలి, గోడ పట్టుకుంది. జుమాగుల్ వెంటనే పట్టీ చుట్టి చూసింది: తొంభై, అరవై.

“అంతా నటన,” అంది కాలీపా.

“నటన కాదక్కా. కడుపుతో ఉంటే హార్మోన్లు రక్తనాళాల్ని వదులు చేస్తాయి, బీపీ దిగుతుంది. ఈ నెలల్లో అది మామూలే. కానీ ఇలా లేచి లేచి పడిపోతే?”

“ఏడుగుర్ని కన్నాను. నాకే హార్మోనూ రాలేదు!”

“వచ్చే ఉంటుంది. మీ అత్త గుమ్మంలోంచే తరిమేసి ఉంటుంది. ఇకనుంచి టీ నువ్వు పొయ్యి.”

కాలీపా మూతి బిగించి, జుమాగుల్ గిన్నెని అంచుదాకా నింపి చేతిలో పెట్టింది. జుమాగుల్ చివరి చుక్కదాకా నిదానంగా తాగి, గిన్నె మళ్ళీ చాచింది.

“నీ చేతి టీ బాగుందక్కా. ఇంకోటి పొయ్యి.”