నిలబడి ఊడ్చిన రమణమ్మ

ముప్పై నాలుగేళ్ళ రమణమ్మ తుంటి కీళ్ళు రెండూ మార్పించుకుని చక్కగా నడుస్తూ వస్తే, నాలుగడుగులు వేయించి చూడకుండానే వార్డు ఆఫీసువాళ్ళు ఊడ్చే ఉద్యోగానికి పనికిరాదని రాసేశారు. ఇప్పటికీ పొద్దున్నే వీధిలో చీపురు చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే ఆమె నవ్వు గుర్తొస్తుంది, మంట కాస్తా చల్లారుతుంది.

మెటియాబ్రుజ్ అనే బెంగాలీ పేటలో, మా తెలుగు పారిశుధ్య కార్మికుల క్వార్టర్లలో ఆమెది మా పక్కిల్లు. తుంటి ఎముకలకు రక్తం అందక మూడేళ్ళు గోడ పట్టుకుని నడిచింది. చిన్న వయసులో వేసిన కీలు ఎప్పటికైనా అరుగుతుంది, మళ్ళీ మార్చవలసి రావచ్చు అని డాక్టరు హెచ్చరిస్తే, "అరిగిన్నాడు సూసుకుందుం బాబూ, నాకు నడక ఇప్పుడు కావాల" అంది. ఆపరేషనైన నాలుగో నెలలో చేతికర్ర లేకుండా మా గుమ్మంలో నిలబడింది. "బాబాయ్, కుంటుతున్నానేటి? సూసి సెప్పు!" మా ఆవిడ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అలాంటి మనిషిని వద్దన్నారు. బడి మొహం చూడకపోయినా దుకాణాల బోర్డులు చదివి బెంగాలీ నేర్చినవాణ్ణి, ఊరుకుంటానా? వార్డు ఆఫీసుకు నాలుగు పేజీల అర్జీ దంచాను. జాలి పుట్టాలని, పాపం కొత్త కీళ్ళతో నేల మీద చతికిలబడలేదు, పీట మీద కూర్చోలేదు, దాని గతేమిటని రాశాను. కూర్చోలేదని మీరే అంటున్నారు గదా అని జవాబొచ్చింది.

నేను తల దించుకుంటే రమణమ్మ పగలబడి నవ్వింది. "నన్ను నిండా ముంచీసినావు బాబాయ్! వీధి కూకుని ఊడుత్తారేటి? నిలబడి ఏటి సెయ్యగలనో ఒక్క ముక్క రాసినావా? రేపు నా ఎనకాల రా. సూసింది రాయి."

మర్నాడు చీపురుకు పొడుగాటి వెదురు కట్టి, నడుం వంచకుండా కుళాయి దగ్గర్నుంచి బస్సు రోడ్డు దాకా ఊడ్చుకుపోయింది. కాగితం పట్టుకుని నేను వెనకాల.

"ఆస్తే దీదీ, మెల్లగా! వెనకాల కాకూ పడిపోయేలా ఉన్నాడు!" అని టీ దుకాణం దాదా కేకేశాడు.

"పడితే పడనీ, మా డాక్టరు సేత కొత్త తుంటి ఏయిత్తాను!"

ఈసారి ఒక్క పేజీయే రాశాను. చూసిందే రాశాను, నేను రొప్పుతూ వెనకబడ్డ సంగతితో సహా. వచ్చి కళ్ళారా చూడండి అన్నాను.

ఆమె వేరే వార్డు క్వార్టర్లకు మారి చాలా కాలమైంది. కీళ్ళు ఇంకా అరగలేదట. నా కోపమూ అరగలేదు. కానీ ఇప్పుడు ఎవరి తరఫున కలం పట్టినా ముందు వాళ్ళ వెంట నడిచి వస్తాను. ఆ ఒక్క పేజీకి వచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు:

"మా మనిషి వచ్చి చూశాడు. రమణమ్మ సోమవారం నుంచి పనిలోకి రావచ్చు. ఆమె వెంట మీరు పరుగెత్తనక్కర్లేదు."